ఓడినవారి సొమ్ము

మా తండ్రిగారు ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో ఒక కొనుగోలుదారు వద్ద గుమాస్తాగా పనిచేశారు. 1980ల నడిమి మాట అది. ఉపాధ్యాయ వృత్తిలో అప్పుడప్పుడే కుదురుకుంటున్న మేము, వేసవి సెలవులలో ఆయనకు మధ్యాహ్నపు భోజనం తీసుకువెళ్ళి, పని ముగిసేదాకా అక్కడే నిలబడి చూసేవాళ్ళం. బారులు తీర్చిన పొగాకు బేళ్ల నడుమ వేలం పాడే ఉద్యోగి ముందు నడుస్తుంటే, కొనుగోలుదారుల ప్రతినిధులు ఆయన వెంట సాగుతూ, ఆకును చేత్తో తడిమి ధర పలికేవారు. ధర నచ్చని రైతు తన బేలును వెనక్కు తీసుకునే హక్కు ఉండేది. పాట దక్కనివారు అణా పైసలు పోగొట్టుకోకుండానే తరువాతి బేలు వద్దకు వెళ్ళేవారు. ఒకనాడు మా తండ్రిగారు చేతులు కడుక్కుంటూ, "వేలంలో ఓడినవాడి జేబు తడిమి చూడు బేటా, అతని డబ్బు అతని దగ్గరే ఉంటే అది వేలం, లేకుంటే అది మరేదో" అన్నారు. ఆ మాటను మేము విన్నాం, నవ్వుకున్నాం, మరచిపోయాం. ఇరవై ఏడేళ్ళ తరువాత అది ఎంతో అవసరమైన వేళ మాకు గుర్తుకు రాలేదు.

2011 చివరలో మేము పదవీ విరమణ పొందాం. అదే రోజులలో మా ఆపా కుమారుడు హైదరాబాదు నుండి వచ్చి, ఇంటర్నెట్‌లో వేలం నడిపే ఒక కొత్త సంస్థకు తాను ఒంగోలు ప్రతినిధినయ్యానని చెప్పాడు. నలుగురు ఇంజనీరు కుర్రవాళ్ళు కలిసి పెట్టిన సంస్థ అది. వారిలో ఇద్దరు మన సముదాయానికి చెందినవారే. దాని పేరు ఇక్కడ రాయము. మూతపడిన దుకాణం పేరు చెప్పినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. మావాడు బుద్ధిమంతుడు, అయిదు పూటల నమాజీ, అబద్ధమాడడం ఎరుగనివాడు. వాడి కళ్ళలో మొదటిసారి ఒక వెలుగు చూశాము. పట్టణంలో మనవాళ్ళ పిల్లలు మెకానిక్ షెడ్లలోనో పండ్ల బండ్ల వద్దనో కనిపించడమే అలవాటైన మాకు, కంప్యూటరు ముందు కూర్చుని "మామూ, ఇది మన కంపెనీ" అని మేనల్లుడు చెబుతుంటే, లెక్క అడగబుద్ధి కాలేదు.

వ్యవహారం ఇలా ఉండేది. పాట పాడదలచినవారు ముందుగా పది రూపాయల చొప్పున 'బిడ్లు' కొనుక్కోవాలి. ఒక్కో బిడ్ వేసినప్పుడల్లా వస్తువు ధర ఒక్క రూపాయి పెరుగుతుంది, గడియారం మళ్ళీ పదిహేను సెకన్ల వద్దకు వచ్చి నిలుస్తుంది. ఆ పదిహేను సెకన్లలో మరెవరూ పలకకపోతే చివరివాడికి వస్తువు దక్కుతుంది. పద్దెనిమిది వేల రూపాయల ఫోను 2,150 రూపాయలకే పోయిందని మావాడు గెలిచిన వ్యక్తి ఫోటోతో సహా చూపించాడు. మేము అబ్బురపడ్డాం. ఈ పద్ధతి మావాళ్ళు కనిపెట్టినది కాదు. జర్మనీలో 2005లో మొదలై, తరువాత స్వూపో అన్న పేరుతో పలు దేశాలకు వ్యాపించిన సంస్థ దీనికి దారి చూపింది. 2011 మార్చిలో అది మూతపడింది. ఆ సంగతి మాకు చెప్పినవారు లేరు, మేము అడిగినదీ లేదు.

అడిగిన మనిషి ఒకరున్నారు. మా చిరకాల మిత్రుడు, బ్యాంకులో ముప్పై అయిదేళ్ళు పనిచేసినవాడు. అసర్ నమాజు తరువాత మసీదు ఎదుట టీ కొట్టు వద్ద కూర్చుని, సిగరెట్ పెట్టె లోపలి కాగితం మీద లెక్క వేశాడు. ధర రూపాయి చొప్పున పెరిగి 2,150కి చేరిందంటే 2,150 బిడ్లు పడ్డాయి. ఒక్కోటి పది రూపాయలు, వెరసి 21,500. దానికి గెలిచినవాడు చెల్లించే 2,150 కలిపితే 23,650. ఫోను ఖరీదు పద్దెనిమిది వేలు. "గెలిచినవాడికి చౌకగా వచ్చింది నిజమే మాస్టారూ, ఓడినవాళ్ళందరూ కలిసి కొనిచ్చారు గనుక" అన్నాడు. మా తండ్రిగారి మాటే అది, వేరే నోట. అయినా మాకు తట్టలేదు. పిల్లవాడి మీద ఎవరో రాయి విసిరినట్టే అనిపించింది.

అమెరికన్ ఆర్థికవేత్త మార్టిన్ షూబిక్ 1971లో ఒక ఆట గురించి రాశాడు. ఒక్క డాలరు నోటును వేలం వేస్తారు. అత్యధికంగా పాడినవాడికి నోటు దక్కుతుంది. అయితే రెండవ స్థానంలో నిలిచినవాడూ తాను పలికిన సొమ్ము చెల్లించి ఉత్త చేతులతో పోవాలి. ఈ ఒక్క షరతు వల్ల ఒక్క డాలరు కోసం జనం డాలరుకు మించి పాడతారు. ఇప్పటికే పోయినదాన్ని వదులుకోలేక మరింత పోగొట్టుకుంటారన్నమాట. మా మేనల్లుడి వేలంలో రెండవవాడే కాదు, రెండువందలవవాడు కూడా చెల్లించేవాడు.

ఇంతటితో ఆగి ఉంటే మా నష్టం కొద్దిపాటిదే. 2012 జనవరిలో సంస్థ 'భాగస్వామ్య పథకం' ప్రకటించింది. పదివేల రూపాయలకు బిడ్లు కొని, వాటిని కొత్తవారికి నమూనాగా పంచి, రోజూ ఒక చిన్న ప్రకటన నలుగురికి పంపితే, సంస్థ లాభంలో వాటాగా దినానికి నూరు రూపాయలు ఖాతాలో జమ అవుతాయి. ఇది వడ్డీ కాదని, లాభంలో వాటా అని, పైగా మనం పనిచేసి సంపాదిస్తున్నామని మావాడు వివరించాడు. వడ్డీ అన్న పదం లేకపోవడమే మాకు చాలినంత నిదర్శనమైంది. పదవీ విరమణ సొమ్ములోంచి నలభై వేలు తీసి ఇచ్చాం. రోజుకు నాలుగు వందలు వచ్చి పడుతుంటే, వారం వారం తీసుకుని ఇంటి పైకప్పు బాగుచేయించాం.

మిత్రుడు మళ్ళీ కాగితం తీశాడు. "మీ సంస్థలో సభ్యులెందరు?" మూడు వేలమందని మావాడు గర్వంగా చెప్పాడు. "తలకు పదివేలనుకున్నా, రోజుకు మూడు లక్షలు పంచాలి. రోజుకు వేలం వేసే వస్తువులెన్ని?" పన్నెండు. "వస్తువుకు ఆరువేల లాభం వేసుకో బేటా, ఉదారంగానే వేసుకో. డెబ్భై రెండు వేలు. మిగిలిన రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు రోజూ ఎవరి జేబులోంచి వస్తున్నాయి?" మావాడు ప్రకటనల ఆదాయమన్నాడు, విస్తరణ అన్నాడు, హైదరాబాదు వారిని అడిగి చెబుతానన్నాడు. చెప్పలేదు. మేమూ మళ్ళీ అడగలేదు. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయినందుకు, లెక్క వేసిన మనిషిలో తప్పు వెదికాం.

అది సులభంగానే దొరికింది, ఎందుకంటే మిత్రుడి మాట పదునుగా ఉండేది. ఒక వలీమా విందులో, మావాడికి సంబంధం మాట్లాడుతున్నవారి ఎదుటనే, "జూదశాలకు గుమాస్తా" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. మా ఆపా మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇది మిత్రుడి దోషమే, తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. సరైన మాటను సరికాని చోట, వెక్కిరింతలో ముంచి చెప్పడం వల్ల, విననవసరం లేదనే సాకు మాకు చేతికందింది. మరునాడు టీ కొట్టు వద్ద నలుగురి ముందు మేము ఆయనతో, "మనవాడు ఒకడు పైకి వస్తుంటే నీ కడుపు మండుతోంది. వడ్డీ లెక్కలు రాసి బతికినవాడివి నీవా మాకు ధర్మం చెప్పేది?" అన్నాం. ఆయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అటుపై తొమ్మిది వారాలు ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తూ కూడా మేమిద్దరం సలాం చెప్పుకోలేదు.

ఆ తొమ్మిది వారాలలోనే మేము ఏడు కుటుంబాలను ఆ పథకంలోకి తెచ్చాం. 'తెచ్చాం' అనే రాస్తున్నాము, 'వచ్చారు' అని కాదు. మాస్టారు పెట్టారట అన్న ఒక్క మాట మీదనే వారు వచ్చారు. మా వెనుక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒక వితంతు సోదరి మే నెల నడుమ పదిహేను వేలు తెచ్చి మా చేతిలో పెట్టింది. వాటాను వెంటనే తీసుకోవద్దని, పెరగనివ్వమని సలహా ఇచ్చినదీ మేమే.

జూన్ మొదటి వారంలో ఖాతాలు తెరుచుకోలేదు. సర్వర్ మరమ్మతు అన్నారు. పది రోజులకు హైదరాబాదు కార్యాలయానికి తాళం పడింది. మావాడు అక్కడికి వెళ్ళి రెండు రోజులు మెట్ల మీద కూర్చుని వచ్చాడు. అప్పటికి వాడు తన తల్లి గాజులు కూడా అందులో పెట్టి ఉన్నాడని మాకు తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ తరువాత కూడా ఒక నెలపాటు మేము సంస్థనే సమర్థించాం. బ్యాంకులు ఇబ్బంది పెట్టాయని, పెద్ద కంపెనీలు కుట్ర చేశాయని, విమర్శకుల వల్ల కొత్తవారు రావడం ఆగిపోయిందని అన్నాం. చివరి మాట ఎంత నిజమో అప్పుడు మాకు అర్థం కాలేదు. కొత్తవారు రావడం ఆగితే నిలబడలేని వ్యాపారం ఏమి వ్యాపారం?

ఆగస్టు చివరలో మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. ఆంగ్ల పత్రికలోంచి కత్తిరించిన ఒక ముక్కను బల్ల మీద పెట్టి, నీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయాడు. అది అమెరికా వార్త. నార్త్ కరోలినా రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే చిన్న పట్టణం నుండి పాల్ బర్క్స్ అనే వ్యక్తి జీక్లర్ అన్న వేలం సైటును, 2011 జనవరి నుండి దానికి అనుబంధంగా జీక్ రివార్డ్స్ అనే పథకాన్ని నడిపాడు. డాలరుకొక బిడ్ చొప్పున కొనాలి, వాటిని నమూనాలుగా పంచాలి, రోజుకొక ప్రకటన పెట్టాలి. అప్పుడు సంస్థ నికర లాభంలో సగం దాకా సభ్యులకు పంచుతారు. వాటా దినానికి సగటున నూటికి ఒకటిన్నర. చదువుతుంటే మా ఇంటి కథనే ఎవరో ఆంగ్లంలో రాసినట్టుంది. మావాళ్ళు దానినే చూసి రాసుకున్నారని తరువాత మేనల్లుడు ఒప్పుకున్నాడు.

2012 ఆగస్టు 17న అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ కోర్టుకు వెళ్ళి దానిని ఆపించింది. అది 60 కోట్ల డాలర్ల మోసమని, పది లక్షలకు పైగా మనుషులు చిక్కుకున్నారని పేర్కొంది. వచ్చిన రాబడిలో నూటికి సుమారు 98 పాళ్ళు సభ్యులు కట్టినదేనని, వేలం వల్ల వచ్చింది నామమాత్రమని తేల్చింది. జూలై నెలలో సంస్థకు సుమారు 16.2 కోట్ల డాలర్లు వస్తే, సభ్యులకు 16 కోట్లు చెల్లించారు. ఒక చేత్తో తీసుకున్నది మరో చేత్తో ఇవ్వడమే. సభ్యుల ఖాతాలలో పేరుకున్న పాయింట్లు దాదాపు 300 కోట్లు. అందరూ నగదే కావాలంటే రోజుకు నాలుగున్నర కోట్ల డాలర్లు ఇవ్వాలి. మిత్రుడి సిగరెట్ కాగితం మీది లెక్కనే అక్కడి అధికారులు పెద్ద అంకెలతో వేశారు.

మమ్మల్ని కలచివేసినది అంకెలు కాదు, అక్కడి జనం ప్రవర్తన. సంస్థ మూతపడ్డాక సభ్యులలో కొందరు దానిని నడిపినవారిని కాక, మూయించిన ప్రభుత్వాన్ని నిందించారు. విరాళాలు పోగుచేసి, కోర్టు నియమించిన రిసీవర్‌ను ఎదిరించడానికి న్యాయవాదులను పెట్టారు. అదివరకే హెచ్చరించినవారిని అసూయాపరులన్నారు. అసూయ! సముద్రాల అవతల, మరో భాషలో, మరో మతస్థులు కూడా సరిగ్గా మేము వాడిన మాటనే వాడారు. రోజూ ఒక ప్రకటన పెట్టమనడంలోని నేర్పు అప్పుడు తెలిసింది. కూర్చుని తిన్నవాడికి అనుమానం రావచ్చు. రోజూ అయిదు నిమిషాలు పనిచేసినవాడు తన 'కూలి'ని శంకించడు, దానిని ఎవరైనా దోపిడీ అంటే తననే దొంగ అన్నట్టు ఉలిక్కిపడతాడు. ఇక మరొకరిని చేర్చినవాడి సంగతి చెప్పనక్కరలేదు. పథకం అబద్ధమని ఒప్పుకుంటే తాను వితంతువు డబ్బు ముంచినవాడినని ఒప్పుకోవాలి. అందుకే మేము సంస్థను సమర్థించింది దాని మీద ప్రేమతో కాదు.

పాల్ బర్క్స్‌ను 2016లో జ్యూరీ దోషిగా నిర్ధారించింది. మరుసటి ఏడాది పద్నాలుగేళ్ళ ఎనిమిది నెలల శిక్ష పడింది. అయితే మాకు నిద్ర పట్టనివ్వనిది ఆ తీర్పు కాదు, అంతకుముందే చదివిన మరో సంగతి. కోర్టు నియమించిన రిసీవర్, పెట్టినదానికంటే ఎక్కువ తీసుకున్న సభ్యుల మీద కూడా దావా వేశాడు. ఆ మిగులు వారిది కాదని, నష్టపోయినవారిదని ఆయన వాదన. వార్త చదివిన రాత్రి మేము పాత డైరీ తీశాం. పెట్టినది 40,000. నూట ముప్పై రోజులలో తీసుకున్నది 52,000. అంతదాకా మమ్మల్ని మేము మోసపోయినవారిగానే చెప్పుకుంటూ వచ్చాం. బంధువులు జాలిపడితే కాదనలేదు. తలపైకెత్తి చూస్తే కొత్త సిమెంటు పూసిన పైకప్పు కనిపించింది. అందులో పన్నెండు వేల రూపాయల సిమెంటు ఎవరిదో.

వేలం ఇస్లాంలో నిషిద్ధం కాదు. అనస్ (రజి) గారి ఉల్లేఖనంలో ఒక ఘటన ఉంది. ఒక అన్సారీ పేదవాడు యాచించడానికి వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లం) అతని ఇంట్లో ఉన్న ముతక దుప్పటిని, నీళ్ళు తాగే పాత్రను తెప్పించి, తమ చేతిలో పట్టుకుని అందరి ఎదుట వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని రెండు మూడు మార్లు అడిగారు. రెండు దిర్హములకు అమ్ముడయ్యాయి. ఒకదానితో ఇంటివారికి తిండి, రెండవదానితో గొడ్డలి. దానికి తామే స్వయంగా కర్ర బిగించి అతణ్ణి అడవికి పంపారు. ఆ వేలంలో ఒక దిర్హమ్ పలికిన మొదటి మనిషి తన దిర్హమ్‌తోనే ఇంటికి వెళ్ళాడన్న సంగతిని ఈ హదీసును ఎన్నోసార్లు పిల్లలకు బోధించిన మేము ఎన్నడూ గమనించలేదు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచేందుకు పాడడాన్ని, 'నజష్'ను, ఆయన నిషేధించారు. మా మేనల్లుడు తరువాత దమ్మామ్ నుండి ఫోనులో చెప్పాడు. అర్ధరాత్రి పూట పోటీగా పాడిన పేర్లలో కొన్ని మనుషులవి కావట, కంప్యూటరు వేసిన బిడ్లట. "నాకు చివరి నెలలో తెలిసింది మామూ. మీతో చెప్పడానికి ధైర్యం చాలలేదు. మీరు అందరి దగ్గరా నా తరఫున అంత గట్టిగా మాట్లాడుతుంటే ఎలా చెప్పను?"

ఆ మాట ఈనాటికీ గుచ్చుతుంది. సోదరుడు పీడితుడైనా పీడకుడైనా అతనికి తోడ్పడమని, పీడకుడికి తోడ్పడడమంటే అతని చేయి పట్టి ఆపడమని ప్రవక్త (సల్లం) బోధన. వాడి చేయి పట్టుకోవలసిన మేము వాడి భుజం తట్టాం. మా సమర్థన వాడికి అండ కాలేదు, వాడి నోటికి తాళమైంది.

మిత్రుడి ఇంటికి క్షమాపణ కోరడానికి వెళ్ళిన రోజున ఆయన ఒక్కటే అడిగాడు. "ఎంత పెట్టావు, ఎంత తీశావు?" చెప్పాం. ఆయన ఇంకేమీ అనక లోపలికి వెళ్ళి ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చి, ఏడుగురి పేర్లూ రాయమన్నాడు. ఎవరెంత పెట్టారు, ఎంత తీశారు. మొత్తం నష్టం అరవై ఒక్క వేలు. ఇమాం గారిని అడిగితే, ఆ పన్నెండు వేలు మీవి కావని సూటిగా చెప్పారు. మిగతాది మీ పూచీ మీద వచ్చినవారి సంగతి, మీ మనసునే అడగండి అన్నారు.

కుట్టుమిషను సోదరికి ముందుగా పన్నెండు వేలు, మరుసటి నెల మూడు వేలు ఇచ్చాం. ఆమె వద్దనలేదు, ధన్యవాదాలూ చెప్పలేదు. లెక్క చూసుకుని, "మాస్టారూ, అప్పుడు మీరు తీసుకోవద్దన్నారు గనుక తీసుకోలేదు" అని మాత్రం అన్నది. మిగిలిన నలభై ఆరు వేలు పెన్షనులోంచి నెలకు పదిహేను వందల చొప్పున ఆరు ఇళ్ళకు పంచుతూ వచ్చాం. ఒకాయన పుచ్చుకోవడానికి నిరాకరించి, ఏడాది తరువాత కూతురు కాన్పుకని తానే వచ్చి అడిగి తీసుకున్నాడు. చివరి కుటుంబం ఒంగోలు విడిచి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. వారి చిరునామాను మిత్రుడే తన పాత బ్యాంకు పరిచయాల ద్వారా కావలిలో కనుక్కున్నాడు. 2015 వేసవిలో ఒక ఉదయం ఇద్దరం కలిసి బస్సెక్కాం. టిక్కెట్లు ఆయనే తీశాడు. దారిలో టంగుటూరు దాటుతుండగా, రోడ్డు పక్కన లారీలో పొగాకు బేళ్లు కనిపిస్తే, మా తండ్రిగారి మాట ఆయనకు చెప్పాం. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇది నాకు మూడేళ్ళ క్రితమే చెప్పి ఉంటే అన్ని కాగితాలు పాడుచేసేవాణ్ణి కాదు కదయ్యా" అన్నాడు.